కంప్యూటరు లెక్క చెబుతుంది, జవాబు ఎవరు చెబుతారు?



ఓ.పి. కౌంటరు దగ్గర మాకు తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది. "పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు అన్నీ పోయినసారి చెప్పాం కదమ్మా, మళ్లీ ఎందుకు అడుగుతారు?" ఇలా అడగడంలో తప్పు లేదు. జ్వరంతోనో, నొప్పితోనో వచ్చిన మనిషిని నిలబెట్టి ప్రశ్నలు వేస్తే ఎవరికైనా విసుగే. అయితే మీరు చెప్పే ఆ నాలుగు మాటలు ఎక్కడికి వెళ్తాయో, వాటితో ఏం చేస్తారో మీకు ఎవరూ విడమరచి చెప్పినట్టు లేదు. అది చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

మీరు చెప్పిన వివరాలు రెండు చోట్లకు చేరతాయి. ఒకటి డాక్టరుగారి గది. ఇది అందరికీ తెలిసిందే. రెండోది ఆసుపత్రిని నడిపే వారి బల్ల. మీ వివరం, మీ పక్కవారి వివరం, ఏడాది పొడవునా వచ్చిన వేలమంది వివరాలు కలిసి అక్కడ పట్టికలుగా మారతాయి. ఏ వార్డులో ఎన్ని పడకలు ఉంచాలి, రాత్రి డ్యూటీకి ఎంతమంది నర్సులు కావాలి, ఏ మందు ఎంత తెప్పించాలి, ఏ క్లినిక్కు ఏ రోజు తెరవాలి అన్నవి ఆ పట్టికలు చూసి నిర్ణయిస్తారు. అంటే మీరు కౌంటరులో చెప్పిన మాట, రేపు మీకో మీ పొరుగువారికో మందు దొరకడం దొరకకపోవడం మీద ప్రభావం చూపుతుంది.

కాబట్టి ఈ విషయంలో మా అభిప్రాయం మొదటే చెబుతాం. నిర్వాహకులకు కంప్యూటరు గొప్ప సహాయకురాలు, దాన్ని కాదనకూడదు. కానీ "కంప్యూటరు చెప్పింది" అన్నమాట ఎవరికీ, ఎక్కడా సరైన జవాబు కాదు. నిర్ణయం తీసుకున్న మనిషి ఒకరు ఉండాలి. ఎందుకలా నిర్ణయించారో ఆ మనిషి చెప్పగలగాలి.

మొదటి లెక్కలు కేకులవి

వ్యాపార నిర్ణయాలకు కంప్యూటరును వాడడం నిన్న మొన్న మొదలైనది కాదు. ఇంగ్లండులో లయన్స్ అనే కంపెనీ ఊరూరా టీ దుకాణాలు నడిపేది. రొట్టెలు, కేకులు తానే తయారుచేసి వాటికి పంపేది. ఆ కంపెనీ 'లియో' అనే కంప్యూటరును సొంతంగా తయారుచేయించుకుని, 1951 నవంబరులో తన బేకరీ లెక్కలు దాని మీద వేయడం మొదలుపెట్టింది. వ్యాపార సంస్థలో రోజువారీ లెక్కలకు పనిచేసిన మొదటి కంప్యూటరుగా దానికి చరిత్రలో పేరుంది.

కొన్నేళ్లకు టీ దుకాణాలకు సరుకు పంపే పని కూడా లియోకు అప్పగించారు. ఆ ఏర్పాటు ఆలోచించదగినది. వారంలో ఏ రోజుకు ఏ దుకాణానికి మామూలుగా ఎంత సరుకు కావాలో కంప్యూటరు దగ్గర ముందే ఉంటుంది. దుకాణం నడిపే ఆవిడ రోజూ మొత్తం జాబితా రాసి పంపనక్కరలేదు. మామూలుకు భిన్నంగా ఏదైనా కావలసివస్తే ఫోనులో ఆ మార్పు ఒక్కటి చెబితే చాలు. రోజూ ఒకేలా ఉండే లెక్క కంప్యూటరుది, ఈ రోజు ఏం తేడా ఉందో గమనించడం దుకాణంలో నిలబడి ఉన్న మనిషిది.

డెబ్బై ఏళ్లు దాటినా ఈ పని విభజన పాతబడలేదు. మన ఆసుపత్రులకు కూడా ఇదే వర్తిస్తుంది.

మందుల స్టోరులో జరిగే లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. సెలైన్ సీసాలు రోజుకు సగటున 40 వాడే ఆసుపత్రి ఒకటి ఉందనుకోండి. ఆర్డరు పెట్టిన తర్వాత సరుకు రావడానికి 10 రోజులు పడుతుంది. అంటే ఆ పది రోజుల్లో 400 సీసాలు ఖర్చవుతాయి. లారీ ఆలస్యమైనా, రోగులు కాస్త పెరిగినా ఇబ్బంది రాకుండా మరో 150 సీసాలు అదనంగా ఉంచుకోవాలి. మొత్తం 550. స్టోరులో సీసాల సంఖ్య 550కి రాగానే కంప్యూటరు "ఆర్డరు పెట్టండి" అని గుర్తుచేస్తుంది. పెద్ద పుస్తకంలో రాసుకునే రోజుల్లో ఈ పని స్టోరు కీపరు జ్ఞాపకం మీద నడిచేది. ఆయన సెలవు పెడితే లెక్క కూడా సెలవు పెట్టేది.

మీలో కిరాణా కొట్టు నడిపేవారికి ఇది కొత్త కాదు. పండగ ముందు నూనె, పంచదార ఎంత తెప్పించాలో మీరు మనసులో వేసుకునే లెక్కే ఇది. మీకు ఓ రెండు మూడు వందల సరుకులుంటే, ఆసుపత్రి స్టోరులో అంతకు చాలా ఎక్కువ రకాలుంటాయి. ఒక్కొక్కదానికి గడువు తేదీ వేరు. గడువు ముందుగా తీరేదాన్ని ముందుగా వాడాలి. అన్నిటినీ మనిషి మనసులో పెట్టుకోలేడు. ఇక్కడ కంప్యూటరు మేలు చేస్తుందనడంలో మాకు సందేహం లేదు.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపినది మన పొరుగున ఉన్న తమిళనాడు. ప్రభుత్వాసుపత్రులకు మందులు కొని పంపేందుకు ఆ రాష్ట్రం 1994లో మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ను ఏర్పాటుచేసింది. 1995 జనవరి నుంచి మందుల పంపిణీ మొదలైంది. జిల్లాల్లో గోదాములు పెట్టారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాసుపుస్తకం ఇచ్చారు. ఆ ఏడాదికి ఎంత విలువైన మందులు తీసుకోవచ్చో, ఎంత తీసుకున్నారో అందులో ఉంటుంది. ఏ గోదాములో ఏ మందు ఎంత ఉందో చెన్నైలో కంప్యూటరు మీద కనబడేలా చేశారు. ఒకచోట మందు గడువు తీరి పారబోయడం, మరోచోట అదే మందు లేక రోగిని బయటి దుకాణానికి పంపడం అనే పాత జబ్బుకు అది మంచి చికిత్స అయింది. కేరళ, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు తర్వాత అదే బాటలో నడిచాయి. తెలుగు రాష్ట్రాల్లో కూడా ప్రభుత్వాసుపత్రుల మందులను కార్పొరేషన్ల ద్వారానే కొంటున్నారు.

అయితే పైన చెప్పిన 550 సీసాల లెక్కను మరోసారి చూడండి. వానలు పడి డెంగీ జ్వరాలు మొదలయ్యాయనుకోండి. రోజుకు 40 బదులు 70 సీసాలు కావలసివస్తాయి. అప్పుడు 550 సీసాలు ఎనిమిదో రోజుకే అయిపోతాయి. సరుకు వచ్చేది పదో రోజున. మధ్యలో రెండు రోజులు రోగులేం కావాలి? పోయిన మూడేళ్ల లెక్కలు నెలవారీగా ఉంటే ఏ నెలలో వాడకం పెరుగుతుందో కంప్యూటరు ముందే చెప్పగలదు. కానీ ఈ ఏడు జ్వరాలు నెల ముందే వచ్చాయన్న సంగతి మొదట తెలిసేది వార్డులోని సిస్టరుకు. "ఈ వారంలో ఒకే ఊరి నుంచి ఏడుగురు వచ్చారండీ" అని ఆవిడ చెబితే, ఆ మాట విని 550ని పెంచే అధికారం నిర్వాహకుడికి ఉండాలి. వినే చెవి కూడా ఉండాలి.

మూడు రకాల నిర్ణయాలు

అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన ఆంథొనీ గోరీ, మైకేల్ స్కాట్ మోర్టన్ 1971లో ఒక వ్యాసం రాశారు. నిర్వాహకుల నిర్ణయాలను వారు ఒక పద్ధతి ప్రకారం విడదీశారు. నియమం ముందే తెలిసినవి కొన్ని. నియమం ఏమీ లేనివి కొన్ని. సగం తెలిసి సగం తెలియనివి మధ్యలో ఉంటాయి. మొదటి రకాన్ని కంప్యూటరుకు అప్పగించవచ్చు. మిగతా వాటిలో కంప్యూటరు నిర్ణయించదు, నిర్ణయించే మనిషికి తోడుంటుంది. ఇలా తోడుండే ఏర్పాట్లకు వారు 'డెసిషన్ సపోర్ట్ సిస్టమ్' అని పేరుపెట్టారు. నిర్ణయానికి ఆసరా అని మనం అనుకోవచ్చు. ఆసరా కర్ర నడవడానికి సాయం చేస్తుంది. ఎటు నడవాలో అది చెప్పదు.

దీన్ని ఆసుపత్రి భాషలో చెబుతాం. సెలైన్ ఎప్పుడు ఆర్డరు పెట్టాలి అన్నది మొదటి రకం. నియమం ఉంది, లెక్క ఉంది. వచ్చే నెల రాత్రి డ్యూటీకి ఎంతమంది నర్సులు కావాలి అన్నది మధ్య రకం. రోగుల సంఖ్య కంప్యూటరు చెబుతుంది. కానీ ఏ సిస్టరు నిండు గర్భిణి, ఎవరి ఇంట్లో తల్లి మంచాన పడి ఉంది, ఏ వార్డులో రోగులకు ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి అన్నవి నర్సింగు సూపరింటెండెంటుకే తెలుసు. ఇక పల్లెలో వారానికి ఒకరోజు నడిచే క్లినిక్కును ఉంచాలా, మూసేయాలా అన్నది మూడో రకం. దానికి ఏ నియమమూ లేదు. ఖర్చు ఎంత, రాబడి ఎంత అని కంప్యూటరు చూపుతుంది. ఆ క్లినిక్కు లేకపోతే ఆ ఊరి ముసలివారు బీపీ మాత్రలు మానేస్తారా, బస్సెక్కి ఇంతదూరం వస్తారా అన్నది ఆ పట్టికలో ఉండదు. ఎవరైనా ఆ ఊరు వెళ్లి అడగాలి.

మా ఆందోళనంతా ఇక్కడే. మూడో రకం నిర్ణయాన్ని మొదటి రకంగా భావించి, పట్టికలో ఎర్ర అంకె కనబడగానే గీత గీసేయడం సులభం. గీసిన మనిషి బాధ్యత కంప్యూటరు మీద వేయడం ఇంకా సులభం.

పాముకాటు మందు ఎందుకు ఉంచాలి?

ఒక్క మందు సంగతి చెబితే ఇది తేటపడుతుంది. ఆసుపత్రి స్టోరుల్లో మందులను రెండు విధాలుగా వేరుచేస్తారు. ఖర్చును బట్టి ఏ, బి, సి అని ఒక వరుస. ఎక్కువ డబ్బు తినే కొద్ది రకాలు 'ఏ', తక్కువ డబ్బుతో వచ్చే ఎక్కువ రకాలు 'సి'. ప్రాణావసరాన్ని బట్టి మరో వరుస. లేకపోతే ప్రాణం పోయేవి, చికిత్సకు అవసరమైనవి, ఉంటే మంచివి అని మూడు రకాలు.

పాముకాటుకు ఇచ్చే యాంటీవీనమ్‌ను తీసుకోండి. ఖరీదైనది. విషం ఎక్కిన లక్షణాలున్న రోగికి మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు పడతాయి. చిన్న పిల్లలకైనా అంతే, ఎందుకంటే పాము ఎక్కించిన విషం మనిషి బరువును బట్టి తగ్గదు. కొన్ని నెలలు ఒక్క కేసూ రాకపోవచ్చు. ఫ్రిజ్‌లో చోటు ఆక్రమిస్తుంది, గడువు తేదీ దగ్గరపడుతుంది. కేవలం ఖర్చు, కదలిక చూసే పట్టికలో ఇది దండగ సరుకుగా కనబడుతుంది. కానీ నాట్ల సమయంలో రాత్రివేళ పొలానికి నీళ్లు పెట్టబోయిన రైతును కట్లపాము కాటేస్తే, ఆ సీసాలు ఉన్న ఆసుపత్రికీ లేని ఆసుపత్రికీ మధ్య దూరం ఒక ప్రాణం.

కంప్యూటరుకు రెండో వరుస కూడా చెప్పి ఉంచితే అది దీన్ని దండగ అనదు. "ఈ మందు ఎప్పుడూ 20 సీసాలకు తగ్గకూడదు" అని నియమం పెడితే అలాగే కాపలా కాస్తుంది. తప్పు యంత్రానిది కాదు. ఏది ముఖ్యమో దానికి చెప్పవలసింది మనమే. డబ్బే ముఖ్యమని చెబితే డబ్బునే లెక్కపెడుతుంది.

తప్పు ప్రశ్నకు సరైన లెక్క

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో పెద్ద పెద్ద ఆసుపత్రులు వాడుతున్న ఒక కంప్యూటరు పద్ధతిని జియాద్ ఒబర్‌మేయర్, సెంథిల్ ముల్లైనాథన్ తదితర పరిశోధకులు పరీక్షించి, 2019 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ జబ్బుగా ఉన్నవారిని గుర్తించి వారికి ప్రత్యేక శ్రద్ధ చూపాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే జబ్బు ఎంత ఉందో కొలవడం కష్టం గనుక, వైద్యానికి ఎంత ఖర్చవుతుందో దాన్ని కొలమానంగా పెట్టారు.

ఏం జరిగింది? నల్లజాతివారికి వైద్యం సరిగా అందడం లేదు గనుక, అదే జబ్బుకు వారి మీద అయ్యే ఖర్చు తక్కువగా ఉంటూ వచ్చింది. ఖర్చు తక్కువ గనుక వారికి జబ్బు తక్కువ అని కంప్యూటరు అనుకుంది. ఆ తేడాను సరిచేస్తే ప్రత్యేక సహాయం అందవలసినవారిలో నల్లజాతివారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ కంప్యూటరుకు రోగి జాతి ఏదో చెప్పనే లేదు. కూడికల్లో ఎక్కడా తప్పు రాలేదు. అడిగిన ప్రశ్నే తప్పు.

ఇది మనకూ దూరపు సంగతి కాదు. మన పల్లెల్లో జబ్బు ఉన్నా ఆసుపత్రికి రానివారు ఎందరో. కూలి పోతుందని, చార్జీలకు డబ్బు లేదని, "తగ్గిపోతుందిలే" అని ఆగిపోతారు. రానివారు ఏ కంప్యూటరులోనూ ఉండరు. "ఆ ఊరి నుంచి రోగులు తక్కువ" అని పట్టిక చెబితే అక్కడ ఆరోగ్యం బాగుందని అర్థం చేసుకోవచ్చు, లేక అక్కడికి దారి బాగా లేదనీ అర్థం చేసుకోవచ్చు. ఏది నిజమో పట్టిక చెప్పదు.

తెలంగాణలో రేషన్ కార్డుల విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016లో లక్షల సంఖ్యలో కార్డులు రద్దయ్యాయి. ఇళ్లకు వెళ్లి విచారించకుండా కంప్యూటరు లెక్కల మీద ఆధారపడి రద్దు చేశారని సుప్రీంకోర్టు దాకా ఫిర్యాదు వెళ్లింది. రద్దయిన 19 లక్షల పైచిలుకు కార్డుల విషయంలో క్షేత్రస్థాయికి వెళ్లి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అనర్హులను ఏరివేయడం తప్పు కాదు. ఏరివేసే ముందు తలుపు తట్టి అడగవలసింది. అడగడం తర్వాత వచ్చింది. మధ్యలో గడిచిన ఏళ్ల బియ్యాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

సగటు మాటున దాగేవారు

నిర్వాహకుల ముందుకు వచ్చే పట్టికల్లో సగటు అంకెలే ఎక్కువ. వాటిని చదవడంలో కూడా జాగ్రత్త కావాలి. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది 20 నిమిషాల చొప్పున వేచి ఉన్నారు. ఒక పెద్దాయన మాత్రం నాలుగు గంటలు కూర్చున్నాడు. సగటు తీస్తే 42 నిమిషాలు వస్తుంది. నిర్వాహకుడు ఆ అంకె చూసి "ఫరవాలేదు" అనుకుంటాడు. నిజానికి 42 నిమిషాలు వేచి ఉన్న రోగి ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. నాలుగు గంటలు కూర్చున్న పెద్దాయన సగటు మాటున దాగిపోయాడు. అందుకే అందరికన్నా ఎక్కువసేపు వేచి ఉన్నదెవరో, ఎందుకో కూడా చూపమని కంప్యూటరును అడగాలి. అడిగితే అది చూపగలదు.

మీరు చెప్పే వివరాల విలువ

ఇప్పుడు మీ వంతు. కంప్యూటరు ఎంత మంచిదైనా దానిలోకి వెళ్లేది మీరు చెప్పిన మాటే. మన పేర్లతో ఒక చిక్కు ఉంది. ఒకరు ఇంటిపేరుతో చెబుతారు, మరోసారి పేరు మాత్రమే చెబుతారు. పెళ్లయిన అమ్మాయి ఒకసారి పుట్టింటి ఇంటిపేరు, ఒకసారి అత్తింటి ఇంటిపేరు రాయిస్తుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాయవచ్చు. పాత చీటీ తేకపోతే కౌంటరులో కొత్త నంబరు ఇస్తారు.

దీనివల్ల ఏమవుతుంది? షుగరు జబ్బున్న ఒకే మనిషి మూడుసార్లు వస్తే కంప్యూటరులో ముగ్గురు మనుషులు ఒక్కొక్కసారి వచ్చినట్టు ఉంటుంది. ఆ పట్టిక చూసిన నిర్వాహకుడు "షుగరు రోగులు ఒకసారి వచ్చి మళ్లీ రావడం లేదు" అనుకుంటాడు. లేని సమస్యకు పరిష్కారం వెదుకుతాడు. డాక్టరుగారికేమో పోయినసారి రాసిన మందు, చేసిన పరీక్ష కనబడవు. చేసిన పరీక్షే మళ్లీ చేయవలసివస్తుంది. ఖర్చు మీదే.

వయసు కూడా అంతే. "ఓ యాభై రాసుకోండమ్మా" అంటారు. నలభై ఏడైనా యాభయ్యే, యాభై మూడైనా యాభయ్యే. ఫోను నంబరు పక్కింటివారిది ఇస్తారు. పరీక్ష ఫలితంలో ఆందోళన కలిగించేది ఉండి మేము ఫోను చేస్తే, ఆ సంగతి మీకంటే ముందు పక్కింట్లో తెలుస్తుంది.

నిర్వాహకులకు మా మనవి

ఆసుపత్రులు, బడులు, సహకార సంఘాలు, వ్యాపారాలు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ నాలుగు మాటలు చెప్పదలిచాం.

1. ఏ పట్టిక చూసినా, ఇందులో లేనివారెవరు అని మొదట అడగండి. రానివారిని, రాలేనివారిని లెక్కలోకి తీసుకోండి.

2. ప్రాణానికి, జీవనాధారానికి సంబంధించిన నిర్ణయమైతే కంప్యూటరు సూచనను ఒక మనిషి వెళ్లి సరిచూసే ఏర్పాటు ముందే ఉంచండి. నష్టం జరిగాక కాదు.

3. కంప్యూటరు సూచనను పక్కనపెట్టే అధికారం వార్డులో, కౌంటరులో పనిచేసే వారికి కొంతైనా ఇవ్వండి. పక్కనపెట్టినప్పుడు కారణం రాయమనండి. ఆ కారణాలు నెలకోసారి చదవండి. యంత్రానికి తెలియని సంగతులన్నీ అందులో దొరుకుతాయి.

4. ప్రతి నిర్ణయం కింద ఒకరి పేరు ఉండాలి. అడిగినవారికి ఆ మనిషి మామూలు తెలుగులో కారణం చెప్పగలగాలి.

ఇలా చేస్తే పని ఆలస్యమవుతుందని, సిఫారసులకు, పక్షపాతానికి మళ్లీ తలుపు తెరిచినట్టవుతుందని కొందరంటారు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. తెలిసినవారికి ముందు పడక, తెలియనివారికి వరండా అన్న రోజులను కంప్యూటరు వరుస నంబరు కొంతవరకు మార్చింది. అందుకే కారణం రాయాలి, పేరు పెట్టాలి అంటున్నాం. దాపరికం లేకుండా మార్చిన నిర్ణయం వేరు, చాటుగా మార్చినది వేరు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఎక్స్‌రే చూసి అనుమానం చెబుతుంది, ఏ రోగి మళ్లీ ఆసుపత్రిలో చేరవచ్చో అంచనా వేస్తుంది. దానివల్ల మేలు జరుగుతుందనే మేము ఆశిస్తున్నాం. కానీ పాత పద్ధతిలో నియమం ఏమిటో మనమే రాసి ఉంచేవాళ్లం, కావాలంటే చదువుకోవచ్చు. కొత్త పద్ధతుల్లో చాలావాటికి ఎందుకలా చెప్పిందో తయారుచేసినవారే వివరించలేరు. అందుకని జవాబు చెప్పే మనిషి అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.

మీరు చేయవలసినవి

పాత ఓ.పి. చీటీని ఒక ప్లాస్టిక్ కవరులో భద్రపరచి ప్రతిసారీ వెంట తెచ్చుకోండి. ఆధార్ కార్డులో పేరు ఎలా ఉందో అలాగే ఎప్పుడూ రాయించండి. వయసు ఉజ్జాయింపుగా కాక సరిగ్గా చెప్పండి. మీ సొంత ఫోను నంబరు, లేదా ఇంట్లో మీరు నమ్మేవారి నంబరు ఇవ్వండి. మందు ఏదైనా పడకపోతే తప్పకుండా చెప్పి రాయించండి.

వైద్య రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల్లో ఉంది. అడగడానికి మొహమాటపడకండి. అందులో తప్పుంటే చూపించి దిద్దించండి.

ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో ఆపరేషనుకు ముందు అనుమతి కోసం మీ కాగితాలను కంప్యూటరు ద్వారా పంపుతారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి ఇదే పద్ధతి. అనుమతి రాలేదంటే "సిస్టంలో రాలేదు" అన్నమాటతో వెనుదిరగకండి. ఏ కాగితం తక్కువైంది, ఎవరు కాదన్నారు, ఏ కారణం చూపారు, తిరిగి పంపే వీలుందా అని ఆ కౌంటరులో మర్యాదగా అడగండి. చాలాసార్లు ఒక రిపోర్టో, ఒక సంతకమో లేకపోవడమే కారణమై ఉంటుంది.

ఏ ఆసుపత్రిలోనైనా, మా ఆసుపత్రిలోనైనా సరే, ఎవరైనా మీతో "మేమేం చేస్తాం, కంప్యూటరు అలా చూపిస్తోంది" అంటే అక్కడితో ఊరుకోకండి. "బాబూ, కంప్యూటరుకు ఆ సంగతి చెప్పిందెవరు? దాన్ని మార్చగలిగేదెవరు? వారితో మాట్లాడించండి" అని అడగండి. అలా అడిగే రోగుల వల్లే ఆసుపత్రులు బాగుపడతాయి. అడిగితే మేము నొచ్చుకోము. జవాబు చెప్పడం మా పని.